ఎండపాలు

చంద్రపూర్,
జనవరి 12.

కస్తూరీ,

ఫోన్ చేస్తే నువ్వు "ఎట్లున్నవ్ వదినా" అంటావు, నేను "మంచిగనే ఉన్న" అంటాను, అంతటితో సరి. పక్క గదిలో మీ అమ్మ, ముందు గదిలో మీ అన్న. ఈ బొగ్గుగని కాలరీ క్వార్టర్ గోడలు ఎంత పలచనివో ఇక్కడే పుట్టి పెరిగిన నీకు నేను చెప్పాలా? అందుకే వరంగల్ హాస్టల్ రోజుల్లోలాగా మళ్లీ కాగితం తీశాను. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి ఉత్తరం బల్ల మీద వదిలేసినా భయం లేదు. మీ అన్నది హిందీ బడి. అత్తమ్మది ఏ బడీ కాదు.

ఫిబ్రవరి రెండున మళ్లీ కోర్పనా కాలేజీలో డ్యూటీకి చేరాలి. అప్పటికి గ్లోరియాకు మూడు నెలలు నిండుతాయి. పధ్నాలుగేళ్లు ఎదురుచూస్తే నా నలభై రెండో ఏట పుట్టిన పిల్ల. దాన్ని వదిలి పొద్దున ఏడింటికి కోర్పనా బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకు గాని ఇల్లు చేరను. పోనీ మానేద్దామా అంటే, ఈ వయసులో వదులుకున్న కాంట్రాక్టు పోస్టుకు నన్ను మళ్లీ ఎవరు పిలుస్తారు? ఉద్యోగం మానలేను. పిల్లకు పాలు మాన్పించలేను. ఈ రెండింటికీ మధ్య ఒక మిషను ఉందట, పాలు పిండేది. బ్రెస్ట్ పంపు. ఆ మాట మందుల షాపులో పైకి అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. జువాలజీ లెక్చరర్‌ని! క్షీరదాల పాఠం పదిహేనేళ్లుగా చెబుతున్నదాన్ని!

షాపతను మూడు రకాలు తీసి చూపించాడు. ఒకటి గాజు గరాటుకు రబ్బరు బుడ్డ తగిలించింది, ఆటో హారన్‌లా ఉంది, నూటయాభై రూపాయలు. ఒకటి చేత్తో పిడి నొక్కేది, ఎనిమిది వందలు. మూడోది కరెంటుది, రెండు వేల పైమాట. నేను మూడింటినీ తిప్పి తిప్పి చూసి, ఒక పట్టీ జ్వరం బిళ్లలు కొనుక్కుని వచ్చేశాను.

ఇంట్లో సలహాలకు కొదవ లేదు. మీ అన్న సాస్తి గనిలో నీళ్లు తోడే పంపు ఆపరేటరాయె! "ఇరవై ఏండ్ల సంది పంపు నడుపుతున్న. నన్నడగకుండ మందుల షాపోన్ని అడుగుతున్నవా?" అని అలిగాడు. "మోటరు గీటరు తర్వాత. ముందుగాల వాల్వు జూడాలె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. "మిషిను పెట్టి పిండుడేంది బిడ్డా, నువ్వేమన్న బర్రెవా?" అని లేచి వాకిట్లోకి వెళ్లిపోయింది.

నువ్వు చెప్పు, ఏది కొనను? కొన్నా నాకు చేతనవుతుందా? అసలు పిల్ల ఒళ్లో ఉండగానే దాని మీద బెంగ పెట్టుకోవడం ఏ రకం పిచ్చి?

నీ రాజకుమారి

*

మంచిర్యాల,
జనవరి 19.

రాజీ వదినా,

జ్వరం బిళ్లల దగ్గర స్టాఫ్ రూములో పైకే నవ్వేశాను. ఏందని అడిగితే ప్రేమలతకు చెప్పక తప్పలేదు. మా సైన్స్ టీచరు. ఇద్దరు పిల్లలకూ పాలు పిండి పెట్టి బడికొచ్చిన మనిషి. ఆమె చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

రబ్బరు బుడ్డది వద్దంటే వద్దు. పాలు బుడ్డలోకి పోతాయి, లోపల కడగడం కుదరదు. ఎంత గట్టిగా లాగుతోందో చేతికి తెలియక పుండ్లు పడతాయి. కరెంటుది సుఖమే, కానీ కోర్పనాలో మధ్యాహ్నం కరెంటు ఎట్లా పోతుందో నువ్వే చెప్పావు ఒకసారి. ఎవరో వాడినది సగం ధరకు వస్తుందంటే ఆశపడకు. కొన్నింటిలో పాలు మోటరు గొట్టం దాకా పోతాయట, అవి ఎంత కడిగినా శుభ్రం కావు. కాబట్టి పిడి నొక్కేది తీసుకో. గరాటు కొలత చూసుకోవాలి. చనుమొన గొట్టంలో ఒరుసుకోకుండా ఆడాలి. నొప్పి పుడితే కొలత తప్పని అర్థం, నీ తప్పని కాదు. ఈ ఆఖరి ముక్క ప్రేమలత రెండుసార్లు చెప్పింది. నీ సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో! అదనంగా ఒక వాల్వు ఇచ్చే కంపెనీది కొను. (అన్న చెప్పింది నిజమేనన్న మాట. అన్నకు చెప్పకు, నెత్తికెక్కుతాడు.)

పిండిన పాలు ఐసు పెట్టిన డబ్బాలో తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి భేషుగ్గా పనికొస్తాయి. కాచకూడదు. వేడినీళ్ల గిన్నెలో సీసా కాసేపు నిలబెట్టి తాపడమే.

అమ్మ మాటకు నొచ్చుకోకు. గనిలో బొగ్గు తట్టలు మోస్తూ మా ఇద్దర్నీ పెంచిన మనిషి. మధ్యాహ్నం గని సైరను, ఆ భోంగా, మోగితే ఇంటికి ఉరికొచ్చి, పాలిచ్చి, మళ్లీ ఉరికేదట. ఆమెకు ఉరుకుడు తెలుసు, మిషను తెలియదు. అంతే తప్ప నీ మీద ఏమీ లేదు.

పిల్ల మీద బెంగ పిచ్చి కాదు వదినా. నా కొడుకు పక్క గదిలో ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు, వాడి మీదా నాకు బెంగే.

కస్తూరి

*

కోర్పనా బస్సులో,
ఫిబ్రవరి 23.

కస్తూరీ,

రాత వంకరగా ఉంటే అది రోడ్డు తప్పు. పిడిది కొన్నాను.

మొదటి వారం నరకం. అరగంట నొక్కితే సీసా అడుగు తడిసేది. ఇరవై మిల్లీలీటర్లు! నలభై రెండేళ్ల ఒంట్లో ఇంకేం ఉంటాయిలే అనుకుని ఏడ్చాను. మీ అన్న చూసి చూసి పంపు చేతిలోకి తీసుకుని, ఏ భాగానికి ఆ భాగం విప్పి, తువ్వాలు మీద పరిచాడు. బఠాణీ గింజంత రబ్బరు వాల్వు. మొదటి రోజే దాన్ని నేను సలసల మరిగించి వంకర చేసేశాను. అదనపుది వేశాడు. "సక్షన్ రాకుంటే బాయిల నీళ్లు లేవంటరా ఎవరన్న? వాల్వు జూడాలె ఫస్టు" అన్నాడు. ఇక మీ అన్నతో బతకడం కష్టం. మర్నాడు రెండు సీసాలు నిండాయి.

చోటు కూడా దొరికింది. మా స్పెసిమెన్ల గది. ఫార్మలిన్ సీసాల్లో పాము, తేలు, రెండు తలల మేకపిల్ల. అందరూ గాజులోంచి నన్నే చూస్తుంటారు. తలుపు దగ్గర మన శంకరయ్య కాపలా. ల్యాబ్ అటెండరు, ఆసిఫాబాద్ వైపు మనిషి. సిగ్గుతో సగం చెప్పీ చెప్పక ముందే "సమజైంది మ్యాడమ్, మా కోడలుది గిట్లనే" అన్నాడు. ఎవరొచ్చినా "మ్యాడమ్ పేపర్ సెట్ చేస్తున్నరు, పోన్రి" అని తరుముతున్నాడు. రోజుకు రెండుసార్లు పేపర్ సెట్ చేసేసరికి పిల్లలు బెదిరిపోయారు. నిన్న ఒకమ్మాయి వచ్చి "మ్యాడమ్, పేపర్ ఫార్ కఠీన్ ఆహే కా?" అని అడిగింది. చాలా కష్టమేనమ్మా అన్నాను.

ఊరికే నొక్కితే పాలు రావు కస్తూరీ. ఆ సంగతి పుస్తకంలో చదివాను, పిల్లలకు పాఠం చెప్పాను, ఇప్పుడు తెలిసింది. గ్లోరియా టోపీ ఒకటి సంచిలో తెచ్చుకుంటాను. అది ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటే, మెడ మడతలో దాని చెమట వాసన, కొంచెం నూనె, కొంచెం పులుపు. అప్పుడు వస్తాయి, సూదులు గుచ్చినట్టు. దారిలో రాజూరా బస్టాండులో ఎవరి బిడ్డో ఏడిస్తే కూడా వస్తాయి. మొన్న సంచి ఎదకు అదుముకుని ఊరొచ్చేదాకా అట్లాగే కూర్చున్నాను. నా ఒంటికి ఏ బిడ్డ ఎవరిదో తెలియదు, ఏడుపు ఒక్కటే తెలుసు.

సాయంత్రం ఇంటికి పోగానే నేను ముందు చూసేది పిల్లను కూడా కాదు, నిజం చెబుతున్నాను. వంటింటి గట్టు మీద బోర్లించిన సీసాలను చూస్తాను. అత్తమ్మ కడిగి, మెరిసేలా పెడుతుంది. "మొత్తం తాగిందా అత్తమ్మా?" అంటే "ఖాళీగున్నయి గద బిడ్డా" అంటుంది. ఆ ఖాళీ సీసాలు చూస్తే పగలంతా దాని దగ్గరే ఉన్నట్టు ఉంటుంది.

రాజీ

*

మంచిర్యాల,
మార్చి 4.

వదినా,

నీ ఉత్తరం ప్రేమలతకు చదివి వినిపించాను. "రెండు తలల మేకపిల్ల ముందు పిండగలిగితే ఇంక ఎక్కడైనా పిండగలదు" అంది. ఈస్టరుకు వస్తున్నాను. గురువారం దిగి సోమవారం పోతాను. నా మేనకోడలు నన్ను చూసి ఏడిస్తే మాత్రం ఊరుకోను.

కస్తూరి

*

చంద్రపూర్,
మార్చి 22.

కస్తూరీ,

తొందరగా రా.

ఎండలు మొదలైపోయాయి, అప్పుడే నలభై దాటింది. పొద్దున నింపిన ఐసు మధ్యాహ్నానికి కరిగిపోతుంటే శంకరయ్య ఎదురుగా కూల్‌డ్రింక్ షాపు నుంచి మళ్లీ ఐసు తెచ్చి డబ్బాలో పోస్తున్నాడు. ఆ డబ్బా బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుంటాను, ఎండ పడితే కొంగు కప్పుతాను. కండక్టరు "కాయ్ ఆహే తాయీ, మాసే కా?" అన్నాడు. చేపలేనన్నాను.

ఊళ్లో పచ్చనిదల్లా వాడిపోయింది. మన పెరట్లో కరివేపాకు చెట్టు ఒక్కటే విచిత్రంగా గుబురుకెక్కుతోంది. వీధి వీధంతా మన ఇంటికే వచ్చి రెబ్బలు అడుగుతోంది.

పిల్ల మూడు రోజులకొకసారి దొడ్డికి పోతోంది. ముక్కుతుంది, ఎర్రబడుతుంది. నా పాలలోనే ఏదో లోపమేమో. లేక ఐసులో పెట్టడం వల్లనా? ఇంకో సంగతి. నిన్న సాయంత్రం నేను చేతులు చాస్తే గ్లోరియా మీ అమ్మ భుజం మీదికి తిరిగి ముఖం దాచుకుంది. ఒక్క క్షణమే. మళ్లీ వచ్చింది, ఆబగా తాగింది. కానీ ఆ ఒక్క క్షణం నా దగ్గరే ఉండిపోయింది.

రాజీ

*

మంచిర్యాల,
ఏప్రిల్ 8.

వదినా,

క్షేమంగా చేరాను. స్టాండు దాకా వచ్చినందుకు అన్నకు చెప్పు. బడిలో పరీక్షల పని ఎక్కువగా ఉంది.

పిల్ల బాగుంది. నీ పాలు కూడా బాగున్నాయి. నువ్వు అనవసరంగా ఏదీ మనసులో పెట్టుకోకు. పంపు మాత్రం మానకు. అమ్మకు వయసైపోయింది, ఏదైనా అటూ ఇటూ ఉంటే నువ్వే సర్దుకోవాలి.

కస్తూరి

*

చంద్రపూర్,
ఏప్రిల్ 13.

కస్తూరీ,

ఇరవై రెండేళ్లలో నువ్వు నాకు ఇంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. నీకు పదోన్నతి రానప్పుడు కూడా మూడు పేజీలు తిట్టావు. ఈ ఉత్తరంలో నువ్వు లేవు. ఈస్టరు రోజు చర్చిలో కూడా నా పక్కన కూర్చుని ఒక్కసారి నా వైపు తిరగలేదు. నేనేమైనా అన్నానా? శనివారం నేను కాలేజీకి పోయి వచ్చేలోపు ఏం జరిగింది? పొద్దున నవ్వుతూ సాగనంపావు, సాయంత్రం మీ అమ్మతో కూడా మాట్లాడకుండా చపాతీలు చేస్తూ కూర్చున్నావు.

సరే, నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నాలుగు రోజులు దొడ్డికి పోలేదు, పోయినప్పుడు రాళ్లలా గట్టిగా, నెత్తురు చారతో. ఆయన "పై పాలు ఏమన్నా తాపుతున్నారా?" అని అడిగాడు. "లేదు సార్, నా పాలే" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో! "తల్లిపాల పిల్లకు ఇంత గట్టిగా కాకూడదే" అని ఆయన నొసలు చిట్లించాడు. ఆ మాట పట్టుకుని మూడు రోజులుగా తిరుగుతున్నాను. తల్లిపాల పిల్లకు కాకూడదు. అయిందంటే, ఆ తల్లిలోనే ఏదో ఉంది. లేక మిషనులో. లేక నలభై కిలోమీటర్లు దాటాక పాలు పాలుగా ఉండవేమో. నేను దగ్గర ఉండి ఇస్తే కానిది, దూరం నుంచి తెస్తే అవుతోంది. అంటే దగ్గర ఉండాలన్న మాట.

రాజీనామా రాశాను. తేదీ వేయలేదు. సంచిలో పంపు పక్కనే పెట్టుకుని రెండు రోజులుగా కాలేజీకి మోసుకుపోయి మోసుకొస్తున్నాను. ఈ నెలాఖరుకు ఇస్తే వచ్చే సంవత్సరానికి ఇంకొకర్ని చూసుకుంటారు. మీ అన్న "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట ఎంత బరువో మగవాళ్లకు తెలియదు.

ఇక పిండను కస్తూరీ. రేపటి నుంచి నొప్పి తగ్గేంత తీసి పారబోస్తాను. నెల తిరిగితే ఎట్లాగూ ఇంట్లోనే ఉంటాను కదా.

రాజీ

*

మంచిర్యాల,
ఏప్రిల్ 17.

వదినా,

ఆ కాగితం ఎవరికీ ఇవ్వకు. ముందు ఇది చదువు. ఫోన్లో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కాను. నువ్వు ఎత్తితే వెనక అమ్మ గొంతు వినబడుతుంది, నావల్ల కాదు.

అమ్మ నా చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను.

ఆ శనివారం పదకొండింటికి అమ్మ ఫ్రిజ్‌లోంచి నీ సీసా తీసింది. వేడినీళ్లు పెడుతుందనుకుని నేను గిన్నె అందించబోయాను. అమ్మ సీసా పట్టుకుని పెరట్లోకి నడిచింది. కరివేపాకు మొదట్లో కూర్చుని, రెండు చేతులతో, చిందకుండా మెల్లగా, మొత్తం పోసింది. పోసి, ఆ తడి మీద మట్టి కప్పింది. సీసా కడిగి బోర్లించింది. తర్వాత పక్కింటి గంగవ్వ వాళ్ల ఆవుపాలు, సగానికి సగం నీళ్లు కలిపి, పిల్లకు చెంచాతో తాపింది.

"ఏందమ్మా గిది?" అన్నాను.

"సప్పుడు జెయ్యకు."

"వదిన గింత కష్టపడి తెస్తే..."

"కష్టపడ్డది నాకెర్కలేదా? అందుకే గద మోర్ల, గా మురికి నీళ్లల, పొయ్యలే. తల్లిపాలు మోర్ల పోస్తే, చీమలు తింటే, తల్లికి ఎండిపోతయి. మంచి చెట్టుకే పోస్తున్న. మట్టి కప్పుతున్న."

"పిల్లకెందుకు తాపవు మరి?"

అప్పుడు చెప్పింది వదినా. ఈ నలభై రెండేళ్లలో నాకు గాని అన్నకు గాని చెప్పని మాట. నలభై ఏడేళ్ల కిందట, అన్న కన్నా ముందు, ఒక కొడుకు పుట్టాడట. సదానందం అని పేరు పెట్టారట. నాలుగు నెలల పిల్లవాడు. మే నెల, గనిలో బొగ్గు తట్టలు. మధ్యాహ్నం భోంగా మోగితే ఉరికొచ్చి, చెమట ఆరకుండానే, పిల్లవాడు ఏడుస్తున్నాడని వెంటనే పాలిచ్చింది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. మర్నాడు పొద్దెక్కేలోపు పోయాడు. పిల్లవాడి శవం ముందే మా నాయనమ్మ అందట, "ఎండపాలు తాపి పొట్టన పెట్టుకున్నవ్" అని. ఎండలో తిరిగొచ్చిన తల్లి రొమ్ములో పాలు ఉడికి విషమవుతాయని ఇక్కడి పాత మాట, నీకూ తెలిసే ఉంటుంది. తర్వాత అన్న పుట్టినా నేను పుట్టినా, గని నుంచి వచ్చి, నీడలో కూర్చుని, చన్నీళ్లు పోసుకుని, మొదటి పాలు గోడకు పిండి గాని మమ్మల్ని ముట్టలేదట. మేం గుక్కపెట్టి ఏడుస్తున్నా సరే.

"నీ వదిన పాలు కోర్పనా కెల్లి ఎండల వస్తయి. బస్సుల ఉడుకుతయి. నేను మల్ల తాపాల్నా?" అంది. "వద్దని ఆమె మొకం మీద ఎట్ల జెప్తనే? పధ్నాలుగేండ్లకు తల్లైంది. సంబురంగ తెస్తది. సీసలు ఖాళీగ జూస్తె ఎంత నవ్వుతదో నువ్వు జూసినవా?"

చూశాను. ఆ సాయంత్రం నువ్వు సీసాలు చూసి నవ్వావు. నేను చపాతీలు ఒత్తుకుంటూ తల ఎత్తలేదు.

నీ పాలలో లోపం లేదు వదినా. అవి పిల్ల నోటికే చేరలేదు. ఇంక నీ ఇష్టం. అమ్మను ఏమన్నా అంటావో, నన్ను అంటావో. నన్నే అను.

కస్తూరి

*

చంద్రపూర్,
ఏప్రిల్ 26.

కస్తూరీ,

కోపం రాలేదని రాస్తే అది అబద్ధం. నీ ఉత్తరం మడిచి పెట్టి పెరట్లోకి వెళ్లి ఆ చెట్టు ముందు నిలబడ్డాను. పది వారాలు. శంకరయ్య కాపలా, పాము, తేలు, గ్లోరియా టోపీ, రాజూరా స్టాండు. అంతా ఆ చెట్టు మొదట్లో ఉంది. ఆ కరివేపాకు పప్పులో వేసుకుని నేనే తిన్నాను. ఒక్క కొమ్మ పట్టుకుని విరిచాను కూడా. తర్వాత ఆ కొమ్మ చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియలేదు. గంగవ్వకు ఇచ్చేశాను.

రెండు రోజులు మాటలు వెతుక్కున్నాను. ఏం అనాలి? నా బిడ్డ కడుపు నొప్పి చూశాను, ఆమె బిడ్డ నలభై ఏడేళ్ల కిందట పోయాడు. ఈ రెండింటిలో ఏది తూచి ఏం మాట్లాడను? నువ్వు ఎరుగుదువు కదా, హాస్టల్ మెస్సులో పూరీయా దోశా తేల్చుకునేలోపు రెండూ అయిపోయేవి నాకు.

మంగళవారం కాలేజీలో మళ్లీ పిండి, సాయంత్రం బస్సు దిగి వచ్చాను. మీ అన్న డ్యూటీలో ఉన్నాడు. అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది, ఒళ్లో పిల్ల. కాళ్లు కడుక్కుని, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఐసు డబ్బా మూత తీశాను. సీసా బయటికి తీసి ఆమె చెంపకు ఆనించాను.

ఉలిక్కిపడింది. "అవ్వో, గింత సల్లగున్నది!"

"ఎండ తాకలేదు అత్తమ్మా. పిండంగనే ఐసుల పెట్టిన. ఇంటిదాక ఐసే."

ఆమె సీసా చేతిలోకి తీసుకుంది. ఇన్ని వారాలు ఫ్రిజ్‌లోంచి రోజూ తీసింది కదా, అప్పుడు కూడా చల్లగానే ఉంది. కానీ అది ఫ్రిజ్ చల్లదనం అనుకుందట. అంతకుముందే బస్సులో ఉడికిపోయాయని, ఒకసారి ఉడికినవి చల్లార్చినా విషమేనని. డబ్బాలో చెయ్యి పెట్టింది. ఐసు ముక్కలు వేళ్లతో కలిపి చూసింది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"కస్తూరి జెప్పిందా?" అంది.

"చెప్పింది."

"ఒట్టు తప్పింది, ముండ." నిన్నే. తిట్టులాగా లేదు. తర్వాత డబ్బాలోకే చూస్తూ అంది, "గప్పుడు గీ ఐసుడబ్బ ఉంటే..."

పిల్ల ఆమె గాజులు లాగుతోంది. చివరికి నా వైపు చూడకుండా అడిగింది. "నువ్వు గివ్వే సదువులు సదివినవ్ గదా బిడ్డా. నిజంగ జెప్పు. వాడు నా పాలతోనే పోయిండా?"

కస్తూరీ, ఏది అడిగినా "అట్లా కావచ్చు, ఇట్లానూ కావచ్చు" అనే మనిషిని నేను. ఆ రోజు అనలేదు. "కాదు" అన్నాను. "ఒంట్లో నెత్తురు ఎంత వేడో పాలు అంతే వేడి. ఎండకు ఉడకవు, విషం కావు."

"మరి ఎట్ల పోయిండు?"

"తెల్వదు అత్తమ్మా. తాపిన నీళ్లు కావచ్చు. ఎత్తుకున్న ఎవరి చెయ్యన్నా కావచ్చు. నీ పాలు మాత్రం కాదు."

ఆమె ఏడవలేదు. కొంగుతో ముఖం కూడా తుడుచుకోలేదు. "మరి మీ ఇద్దర్ని గంతసేపు ఏడిపిచ్చిన గదనే" అంది, ఎదురుగా నువ్వూ మీ అన్నా కూర్చున్నట్టు. "గోడకు పిండుకుంట కూసున్న. మీరు ఏడుస్తనే ఉంటిరి."

అప్పుడు ఏడ్చింది నేను.

బుధవారం శెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. వేడినీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టడం ఆమే చేసింది, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుంది, చెంచాతో తాపింది. ప్రతి చెంచాకూ పిల్ల కడుపు మీద చెయ్యి వేసి చూస్తోంది. రాత్రి నిద్రపోలేదనుకుంటాను. పొద్దున పిల్ల నవ్వుతూ కాళ్లు కొట్టుకుంటుంటే, "మంచిగనే ఉన్నది" అని నాతో కాదు, తనతో తనే చెప్పుకుంది. డాక్టరుకు నిజం చెప్పాను. ఆవుపాలు మాన్పించమన్నాడు. నాలుగు రోజులుగా గ్లోరియా సుఖంగా ఉంది. మీ అన్నకు కూడా అత్తమ్మే చెప్పింది. విని, పంపు విప్పి వాల్వు మార్చాడు. మార్చాల్సిన అవసరమేమీ లేదు.

ఈ కాగితం తిప్పి చూడు. వెనక ఉన్నది నా రాజీనామా. తెల్ల కాగితాలు అయిపోయాయి, ఇదొక్కటే సంచిలో దొరికింది. ప్రిన్సిపాల్‌కు ఇవ్వాల్సింది నీకు పంపుతున్నాను, చించేయి.

గురువారం పొద్దున బస్సెక్కేటప్పుడు బెంగ తగ్గిందేమో అనుకున్నాను. తగ్గలేదు. పదకొండింటికి తలుపు మూసుకుని టోపీ ముక్కు దగ్గర పెట్టుకోగానే అదే మెడ మడత, అదే పులుపు వాసన. కానీ ఇప్పుడు నేను పిండేవి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.

ఒకటి తప్ప. సీసాలో చివరికి ఒక చెంచాడు పాలు అత్తమ్మ మిగులుస్తుంది. పిల్లను నిద్రపుచ్చి పెరట్లోకి వెళ్లి కరివేపాకు మొదట్లో పోస్తుంది. మట్టి కప్పుతుంది. కాసేపు అక్కడే కూర్చుంటుంది. ఇవాళ ఆదివారం కదా, నేను కిటికీలోంచి చూశాను. అది ఎవరి చెంచాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అందుకే రోజూ ఒక చెంచాడు ఎక్కువే పిండి తెస్తున్నాను.

నీ
రాజీ